సైనికుడైన తండ్రి కథ

మహాభారతము ఆదిపర్వము చదివిన సోదరీమణులకు జనమేజయుని ప్రశ్న జ్ఞప్తియందుండును. తండ్రియైన పరీక్షిన్మహారాజు మరణించునాటికి జనమేజయుడు పసివాడు. పెద్దవాడై రాజ్యభారము వహించిన పిమ్మట ఒకనాడతడు మంత్రులను రప్పించి, తన తండ్రి ఎట్టి నడవడి గలవాడో, ఎట్లు మృతినొందెనో చెప్పుడని యడిగెను. ఆ ప్రశ్నలోని వరుస గమనింపదగినది. నడవడి ముందు, మరణము పిదప. మంత్రులును ఆ వరుసనే పాటించి, పరీక్షిత్తు ప్రజలనెట్లు పాలించెనో మొదట చెప్పి, తక్షకుని కాటును తరువాత చెప్పిరి. అయినను రాజు మనస్సున నాటుకొన్నది రెండవ భాగము మాత్రమే. దాని ఫలమే సర్పయాగము.

తండ్రిని పసితనముననే కోల్పోయిన బిడ్డలకు తండ్రి కథ చెప్పు భారము రాజుల యిండ్ల మంత్రులపై బడెను. మన యిండ్ల ఆ భారము తల్లిదే, నాయనమ్మదే, అమ్మమ్మదే. అందును ఆ తండ్రి సైనికుడైనచో భారము ఇనుమడించును. అతని మరణమును లోకము చెప్పును. పత్రికలు చెప్పును, విగ్రహములు చెప్పును, సభలు చెప్పును. అతని జీవితమును చెప్పవలసిన వారెవరు? ఈ సంగతినే మేము ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

మేము కోదాడలో కాపురముండు ఉపాధ్యాయుని యిల్లాలము. పుట్టినిల్లు మిర్యాలగూడ. ఈ రెండూళ్లకును తలలో నాలుకవలె మెలగు పెద్దయూరు సూర్యాపేట. వైద్యమునకో, పెండ్లిబట్టలకో, కార్యాలయపు పనికో నెలకొకసారి యైనను అచ్చటికి పోకతప్పదు. ఆ పట్టణమున పూర్వము కోర్టు చౌరస్తా యని పిలువబడిన కూడలికి ఇప్పుడు సంతోష్ బాబు చౌరస్తా యని పేరు. అచ్చట సైనికవేషమున నిలిచిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు గారి కాంస్యవిగ్రహము కలదు. 2021 జూన్ 15వ తేదిన, ఆయన మరణించి సరిగా సంవత్సరము నిండిన దినమున, నాటి రాష్ట్రమంత్రి కె. తారక రామారావు గారు దానిని ఆవిష్కరించిరి. దారిని పోవు తల్లులు చంకలోని బిడ్డలకు వ్రేలుపెట్టి చూపి, "అదిగో, మన ఊరి సైనికుడు" అని చెప్పుట మేమెన్నియో మారులు వింటిమి.

సైన్యము మన సీమకు కొత్తది కాదు. హైదరాబాదు నుండి సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోవు రహదారి చరిత్ర నెరిగిన దారి. 1948 సెప్టెంబరు 13వ తేది ఉదయమున భారతసేన విజయవాడ వైపునుండి బయలుదేరి నైజాము సరిహద్దు దాటి మొదట కోదాడను చేరెను. ఆ మధ్యాహ్నమునకు మునగాల, మరునాటికి సూర్యాపేట. వెనుకకు మరలిన నైజాము పక్షమువారు మూసీనది వంతెనను కూల్చిరి. నాలుగు దినములు గడిచి 17వ తేది వచ్చునప్పటికి నైజాము పాలన ముగిసెను. ఆ దినములలో తలుపులు మూసికొని కిటికీసందుల నుండి సైనికులను చూచిన ముత్తవ్వల మాటలు విని పెరిగినవారు మా యీడువారిలో చాలమంది గలరు. ఆ సైనికులు ఎక్కడివారో, వారి బిడ్డలు ఏ యూర నెదురుచూచుచుండిరో ఆనాడెవరును ఎరుగరు. డెబ్బదిరెండేండ్ల పిదప ఆ దారినే, ఈసారి హైదరాబాదు వైపునుండి, సూర్యాపేట బిడ్డయొకడు త్రివర్ణపతాకము కప్పుకొని యింటికి వచ్చెను.

ఆయన జీవితమును క్లుప్తముగ చెప్పెదము. సంతోష్ బాబు గారి తండ్రి బ్యాంకు ఉద్యోగమున జీవితము గడపినవారు. తమ యౌవనమున సైన్యమున చేరవలెనని ఆయనకు కోరిక యుండెనట. అది తీరలేదు. ఆ కోరికను కుమారునియందు చూచుకొని, ఆరవతరగతికే వానిని విజయనగరము దగ్గరి కోరుకొండ సైనికపాఠశాలకు పంపిరి. 1962లో స్థాపింపబడిన ఆ పాఠశాల పూర్వము విజయనగర ప్రభువుల సౌధము. సూర్యాపేట ఎక్కడ, కోరుకొండ ఎక్కడ! అంత దూరమునకు అంత పసివానిని పంపిన తల్లి యింటికి తిరిగివచ్చి ఆ రాత్రి కంచములు ఎట్లు వడ్డించెనో ఊహింపగలవారు మన పాఠకురాండ్రలో కొందరైన నుందురు.

అచ్చటి చదువు ముగించి ఆయన ఖడక్‌వాస్లలోని జాతీయ రక్షణ విద్యాలయమునను, పిమ్మట డెహ్రాడూను సైనిక విద్యాలయమునను శిక్షణ పొంది, 2004 డిసెంబరులో 16వ బీహారు దళమున అధికారియయ్యెను. జమ్ముకాశ్మీరమున పనిచేసెను. ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో ఆఫ్రికాలోని కాంగో దేశమునకును పోయి వచ్చెను. తుదకు తాను తొలుత చేరిన దళమునకే నాయకుడై లడఖు సీమలోని గల్వాను లోయకు చేరెను.

గల్వాను లోయ సముద్రమట్టమునకు దాదాపు 14,000 అడుగుల ఎత్తున నున్నది. నడివేసవిలోను ఏటినీరు మంచువలె చల్లనిది. 2020 వేసవిలో అచ్చట భారత చైనా సేనలు ఎదురెదురుగ నిలిచెను. జూన్ 6వ తేదిన ఇరుపక్షముల సేనాధికారులు కూర్చుండి, వెనుకకు మరలుటకు ఒప్పుకొనిరి. ఆ యొప్పందము నడచుచున్నదా లేదా యని చూడబోయిన చోట 15వ తేది రాత్రి ఘర్షణ చెలరేగెను. తుపాకులు ప్రేలలేదు. సరిహద్దురేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి కాల్చరాదని 1996లో రెండు దేశములును వ్రాసికొన్న ఒప్పందమే దానికి కారణము. రాళ్లతో, ఇనుపకడ్డీలతో, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలతో ఆ చీకటిలో పోరు జరిగెను. సంతోష్ బాబు గారితోకూడ 20 మంది భారతసైనికులు ప్రాణములు విడిచిరి. చైనావారు తమవారు నలుగురు మరణించిరని 2021 ఫిబ్రవరిలో ఒప్పుకొనిరి. తీవ్రముగ గాయపడియు, తుదిశ్వాసవరకు ముందు నిలిచి తనవారిని నడిపెనని ఆయన శౌర్యపత్రము చెప్పుచున్నది.

17వ తేది సాయంకాలము ఆయన పార్థివదేహము హకీంపేట విమానస్థావరమునకు చేరి, ఆ రాత్రికే సూర్యాపేటకు వచ్చెను. మరునాడు ఊరిచేరువనున్న కాసరాబాదులో కుటుంబమువారి పొలమునందు సైనికమర్యాదలతో అంత్యక్రియలు జరిగెను. అది కరోనా కాలము. జనము గుమికూడరాదని కట్టడి. అయినను వీథులకిరుప్రక్కల ప్రజలు నిలిచి పూలు చల్లిరి. తల్లి, ఆ దుఃఖమునందే, కుమారుడు దేశమునకై ప్రాణమిచ్చెనని గర్వించుచున్నానని పత్రికలవారితో పలికెను.

ఆ పిమ్మట రాష్ట్రప్రభుత్వము 5 కోట్ల రూపాయలను, హైదరాబాదున ఇంటిస్థలమును ఇచ్చి, భార్యయైన శ్రీమతి సంతోషి గారికి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము నొసగెను. 2021 జనవరిలో ఆయనకు మహావీరచక్రము ప్రకటింపబడెను. యుద్ధకాలపు శౌర్యపురస్కారములలో పరమవీరచక్రమునకు తరువాతిది అదియే. ఆ సంవత్సరము నవంబరు 23న రాష్ట్రపతిభవనమున నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతినుండి తల్లియు భార్యయు కలిసి దాని నందుకొనిరి. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకపు గోడలపై ఆయన పేరును చెక్కబడియున్నది.

ఇంతవరకు మేము చెప్పినదంతయు లోకమెరిగినదే. ఒకసారి మరల చదివి చూడుడు. ఇందులో సైనికుడున్నాడు, నాయకుడున్నాడు, వీరుడున్నాడు. తండ్రి ఎక్కడ? ఆయన మరణించునాటికి కుమార్తె ప్రాథమికపాఠశాల వయస్సుది, కుమారుడు నాలుగేండ్లవాడు. నాలుగేండ్ల బిడ్డకు జ్ఞాపకము నిలుచునా? ఒక బుగ్గమీది గరుకుదనము, ఒక చొక్కా వాసన, ఎత్తుకొన్నప్పుడు నేల ఎంతో క్రిందికి పోయినట్లు తోచుట, ఇట్టివి రెండుమూడు నిలిచిన నిలుచును. మిగిలిన తండ్రినంతయు ఇతరులు చెప్పి ఇయ్యవలసినదే. విగ్రహము ఇంత పొడవుండెనని చెప్పగలదు గాని, అన్నము కలుపునప్పుడు నెయ్యి ఎక్కువ అడిగెనా తక్కువ అడిగెనా యని చెప్పజాలదు. శౌర్యపత్రము ఒక రాత్రిని చెప్పును. ఆ మనిషి బ్రతికిన వేలకొలది రాత్రులను చెప్పుటకు ఇల్లు తప్ప మరియొక గ్రంథము లేదు.

ఇది ఇప్పటికి మాత్రమే కలిగిన తలంపు కాదు. మన పల్లెల పొలిమేరలలో వీరగల్లులు కలవు. కత్తిపట్టిన వీరుడు, పైన సూర్యచంద్రులు, అతనిని స్వర్గమునకు గొనిపోవు అప్సరసలు. అవి మరణమును జ్ఞాపకము పెట్టుకొన్న రాళ్లు. ఆ వీరుడు తన బిడ్డనేమని పిలిచెడివాడో ఏ రాతియందును లేదు. చెప్పినవారు చెప్పినంతకాలము అది నిలిచియుండెను. చెప్పుట మానినదినమున అది పోయెను.

తండ్రిని కన్నులార చూడని బిడ్డల సంగతి మరింత కఠినము. కార్గిల్ యుద్ధమున 1999 జూన్ 28న ద్రాస్ కొండలలో మరణించిన మేజర్ పద్మపాణి ఆచార్య గారి కథ ఇట్టిది. ఆయన కుటుంబము హైదరాబాదున స్థిరపడినది. మరణించునాటికి ఆయన భార్య గర్భవతి. కొండలపైకి పోవుటకు ముందు ఆయన తన తండ్రికి వ్రాసిన ఉత్తరమొకటి దేశమంతయు ఎరిగినది. దినమునకొక భారతకథ కోడలికి చెప్పుచుండుడని, అట్లయిన పుట్టబోవు బిడ్డకు మంచి గుణములు అలవడునని ఆయన అందు కోరెను. తాను మరలిరాని యెడల బిడ్డకు తాను చెప్పవలసినది వేరొకరి నోట చెప్పించుటకు ఆ తండ్రి చేసికొన్న ఏర్పాటు అది. గర్భమునందుండియే పద్మవ్యూహము విన్న అభిమన్యుని కథ ఆయనకు తెలిసియుండును. తండ్రి పోయిన పిదప పుట్టిన పరీక్షిత్తు కథయు తెలిసియుండును.

ఆ తరువాత కొన్ని నెలలకు ఆడశిశువు జన్మించెను. అపరాజిత యని పేరు. ఆమె పెరిగి పెద్దదై, తాను చూడని తండ్రిని గూర్చి గ్రంథము వ్రాసెను. దాని పేరులో ఆమె పెట్టుకొన్నది మహావీరచక్రపు బిరుదును కాదు, ఇంటివారు ఆయనను పిలిచిన ముద్దుపేరును. తండ్రిని ఒక్కసారియు చూడని బిడ్డ తండ్రిని ముద్దుపేరుతో ఎరుగగలిగెననిన, ఆ యింట ఎన్ని యేండ్లు ఎంతమంది ఎంత ఓపికతో చెప్పియుందురో ఆలోచింపుడు. ఆ ముద్దుపేరే వారి శ్రమకు సాక్ష్యము.

యుద్ధమున మరణించినవారి సంగతి యిట్లుండ, బ్రతికి తిరిగివచ్చిన సైనికుల సంగతి వేరు. వారికి విగ్రహములు లేవు. ఉండవలెనని వారును కోరరు. మా తండ్రిగారట్టివారు. ఆయన 1970లో మద్రాసు సాపర్ల దళమున చేరి, బెంగుళూరున శిక్షణ పొంది, 24 ఏండ్లు కొలువుచేసి, 1994లో హవల్దారుగ విరమించి మిర్యాలగూడకు వచ్చిరి. సాపర్లనగా సేనకు దారి వేయువారు. వంతెన కట్టుట, శత్రువు పాతిన మందుపాతరలను వెదకి తీయుట వారి పని. 1971 యుద్ధమున పడమటి సరిహద్దున పనిచేసితినని మాత్రము ఆయన చెప్పెడివారు. అంతకుమించి అడిగినచో, "భూమిని గుచ్చి గుచ్చి చూచుకొనుచు నడచితిమి" అని ఊరకుండెడివారు.

ఆయన ఇంట లేని యేండ్లలో నల్లరంగు రేకుపెట్టె యొకటి మాకు తండ్రి. దానిమీద తెల్లరంగుతో ఆయన సైనికసంఖ్య వ్రాసియుండెను. సంవత్సరమునకు రెండు నెలల సెలవు. మిగిలిన పది నెలలును నీలిరంగు ఉత్తరములు. అక్షరములు నేర్చుకొనుటకు ముందే మేము ఆ సంఖ్యను చదువ నేర్చితిమి. మా తల్లి ఆ సంఖ్యను దైవనామమువలె కంఠస్థము చేసికొనెను.

కొలువు విరమించి వచ్చిన పిమ్మట ఆయన బియ్యపు మిల్లు వాకిట కావలి ఉద్యోగమున కుదిరిరి. మిర్యాలగూడ మిల్లుల ఉప్పుడుబియ్యపు వాసన ఎరిగినవారికి ఆయన చొక్కా వాసనయు తెలిసినట్లే. వేకువజామున నాలుగున్నరకు లేచుట, పడకను తామే మడచుట, ఆదివారము బూట్లకు మెరుగుపెట్టుట, ఒక చెంబు నీటితో ముఖము, కాళ్లు, చేతులు కడిగికొనుట, ఇవి ఆయన విడువని అలవాట్లు. చెంబెడు నీరు చాలదా యని మా తల్లి నవ్వినచో, "నీరు మోసినవానికి నీటి విలువ తెలియును" అనెడివారు. సాగరుకాలువ పారు ఊరిలో పుట్టియు ఆయన నీటిబొట్టును వృథాచేయనియ్యలేదు.

రాత్రికావలి లేని సాయంకాలములందు ఆయన మమ్ము ముందు కూర్చుండబెట్టుకొని భారతము, భాగవతము చదివించెడివారు. మాకు పాఠశాలచదువు కొంతవరకే సాగెను. మిగిలినదంతయు ఆ అరుగుమీదిదే. ఉద్యోగపర్వమును ఆయన రెండుమారులు చదివించిరి. భీష్మపర్వము వచ్చినప్పుడు మాత్రము, "ఇది నీవు చదువుకొమ్ము" అని లేచి పెరటిలోనికి పోయెడివారు. ఆ లేచిపోవుటలో ఆయన 1971ని గూర్చి చెప్పని మాటలన్నియు మాకు వినబడెను.

2016లో ఆయన గతించిరి. ఊరిమాజీసైనికులు నలుగురు వచ్చి, పాతటోపీలు పెట్టుకొని, నిలువుగ నిలిచి వందనము చేసి, భోజనమునకైనను ఆగక వెళ్లిరి. ఆయనకు లభించిన సైనికమర్యాద అది. పిదప మా తల్లికి కుటుంబపింఛను రావలసియుండగా చిక్కు వచ్చెను. సైనికపత్రములయందు ఆమె పేరు పుట్టింటివారు పిలిచిన పేరు. బ్యాంకుపుస్తకమున, గుర్తింపుకార్డున వేరొకటి. ఆ రెండు పేర్లును ఒక్కమనిషివేయని నిరూపించుటకు ఆమె పదునొకండు నెలలు ఒక కార్యాలయము మెట్లెక్కెను. ఇరువదినాలుగేండ్లు ఆ సంఖ్యను జపించిన యిల్లాలు, తాను అతని భార్యనేయని కాగితముపై సాక్ష్యము తేవలసివచ్చెను. ఆమె కోపగింపలేదు. "మీ నాయన గుచ్చి గుచ్చి నడచెను, నేనును అట్లే నడచుచున్నాను" అనెను.

కావున సైనికుల యిల్లాండ్రకును, కుమార్తెలకును, కోడండ్రకును కొన్ని మాటలు చెప్పుట మా విధి యని తోచుచున్నది. జ్ఞాపకములు రెండు తెరగులు. ఒకటి కాగితపు జ్ఞాపకము, రెండవది నోటి జ్ఞాపకము. మొదటిది లేనిచో అన్నమునకు కష్టము. రెండవది లేనిచో బిడ్డల మనస్సునకు కష్టము.

కాగితముల సంగతి మొదట. భర్త జీవించియుండగనే ఆయన విరమణ పుస్తకమును, పింఛను ఉత్తరువును తీసి, అందు మీ పేరు, పుట్టిన తేది, బిడ్డల పేర్లు సరిగా నున్నవో లేదో చూచుకొనుడు. తప్పున్నచో ఆయనచేతనే దిద్దింపుడు. ఆయన చేసిన ఒక్క సంతకము పిమ్మట మీరు తిరుగు నూరు తిరుగుడులను తప్పించును. పింఛను వచ్చు బ్యాంకుఖాతా మీ యిద్దరి పేర నుండుట మేలు. ఇప్పుడు సైనికుల పింఛనులు స్పర్శ్ అను కంప్యూటరు ఏర్పాటు ద్వారా వచ్చుచున్నవి. కావున ఆయన సంఖ్యయు, ఫోను సంఖ్యయు మీకు తెలిసియుండవలెను. సంవత్సరమునకొకసారి పింఛనుదారు జీవించియున్నట్లు తెలుపు ప్రమాణపత్రము నియ్యవలెను.

సాధారణ కుటుంబపింఛను చివరి జీతమున నూటికి 30 వంతులు. విరమించిన సైనికుడు మరణించినచో మొదట ఏడేండ్లపాటు, లేక ఆయనకు 67 ఏండ్లు నిండవలసిన నాటివరకు, ఏది ముందైన అంతవరకు, హెచ్చుమొత్తము వచ్చును. యుద్ధమున మరణించినవారి భార్యలకు చివరి జీతమునకు సమానమైన ఉదారపింఛను కలదు. మాజీసైనికులకును వారి భార్యలకును 2003 నుండి ప్రత్యేక వైద్యసహాయ పథకమున్నది. అందు చేరుటకు కార్డు తీసికొనవలెను. ఈ విషయములలో దారిచూపుటకు నల్లగొండలో సైనిక సంక్షేమ కార్యాలయమున్నది. మగవారితోడు లేదని వెనుదీయక స్వయముగ పోయి అడుగుడు. ఇది యెవరినో యాచించుట కాదు, ఆయన చలిలోను ఎండలోను సంపాదించి యుంచిన దానిని తెచ్చుకొనుట.

ఇక నోటి జ్ఞాపకము. దానికి కార్యాలయము లేదు. ఆయన ఉత్తరములున్నచో పారవేయకుడు. తేదీల వరుసను కట్టి, తెల్లకాగితముల నడుమ పెట్టి, వేపాకు వేసి దాచుడు. ఛాయాచిత్రముల వెనుక పెన్సిలుతో ఎక్కడ, ఎప్పుడు, ప్రక్కనున్నవారెవరు అని వ్రాయుడు. ఆయనతో కొలువుచేసినవారు ఊరిలోనున్నచో పండుగకు పిలిచి అన్నము పెట్టి, బిడ్డలయెదుట మాట్లాడింపుడు. భార్యకు చెప్పని మాటలు సైనికుడు సైనికునితో చెప్పును. ఆయన తినిన కూర, పాడిన పదము, విసుగుకొన్నప్పుడు అనిన మాట, నవ్వినప్పుడు ముడుతపడిన కన్ను, అన్నియు చెప్పుడు. లోపములను దాచవలదు. కోపిష్ఠియైనచో కోపిష్ఠియనియే చెప్పుడు. దోషములేని తండ్రిని బిడ్డ పూజింపగలడు గాని ప్రేమింపలేడు.

మరణమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము మిక్కిలి జాగ్రత్త కావలెను. జనమేజయునకు జరిగినది మన బిడ్డలకు జరుగరాదు. "నీ తండ్రిని చంపిరి" అనుమాటతో కథ మొదలుపెట్టినచో బిడ్డ హృదయమున పగ ముందు మొలకెత్తును. పగకు కన్నులు లేవు. తక్షకుడొక్కడు చేసినదానికి సర్పజాతి యంతయు హోమగుండమున పడవలసివచ్చెను. ఆస్తీకుడు వచ్చి ఆపకున్నచో ఆ యాగమునకు అంతమెక్కడ? సంతోష్ బాబు గారి కథనే తీసికొనుడు. గల్వాను రాత్రిని మాత్రమే చెప్పినచో అది రాళ్లకథ, కడ్డీలకథ. ఆయన ఆనాడు పోయినది ఇరుపక్షముల పెద్దలు ఇచ్చిన మాట నిలుచుచున్నదో లేదో చూచుటకని చెప్పినచో, అంతకుముందు కాంగో దేశమున పరాయిప్రజల నడుమ శాంతికై కావలియుండెనని చెప్పినచో, పసితనమున తల్లిని విడిచి కోరుకొండకు పోయి, చదివి, తాను తొలుత చేరిన దళమునకే నాయకుడై నిలిచెనని చెప్పినచో, అది నడవడి కథయగును. శౌర్యము అందులోను తక్కువ కాదు. పైగా ఆ శౌర్యమునకు అర్థము తెలియును. అట్టి కథ విన్న బిడ్డ తండ్రికై పగతీర్పబోడు, తండ్రివలె మాట నిలుపబోవును.

దేశము సైనికులను తలచుకొనుటకు దినములు ఏర్పరచినది. 1949 నుండి డిసెంబరు 7వ తేది సాయుధదళముల పతాకదినము. 1953 జనవరి 14న భారతసేన తొలి స్వదేశీయ సేనాధిపతియైన కరియప్ప గారు విరమించిరి. ఆ జ్ఞాపకార్థము జనవరి 14వ తేదిని మాజీసైనికుల దినముగ జరుపుచున్నారు. మనకు అది సంక్రాంతివేళ. ముగ్గులు, గొబ్బెమ్మలు, పిండివంటలు, అల్లుళ్లు, ఆడపడుచులు. ఇంటినిండ మనుష్యులుండు దినము. పెద్దలను తలచుకొని పెట్టుట మన యాచారమే. ఆ దినమున ఇంటిలోని, వాడలోని మాజీసైనికుని పిలిచి, ఆయన జీవించియుండగనే ఆయన కథను బిడ్డలకు చెప్పించుటకు ఇంతకంటె మంచి సమయమేమున్నది? అరిసెలు రెండు ఎక్కువ వేయించిన చాలును.

సోదరీమణులారా, విగ్రహములు పెట్టుట ప్రభుత్వమువారి పని, వారు పెట్టిరి. గోడలపై పేర్లు చెక్కుట దేశము పని, దేశము చెక్కెను. బిడ్డ ప్రక్కలో పరుండి "మా నాయన ఎట్లుండెడివాడమ్మా?" అని యడిగినప్పుడు బదులు పలుకుట మన పని. ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి ఊరకుండునది కాదు. నాలుగేండ్లప్పుడొక తీరున, పదునాలుగేండ్లప్పుడు మరియొక తీరున, తానే తల్లియో తండ్రియో అయినప్పుడు ఇంకొక తీరున వచ్చుచుండును. ప్రతిసారియు చెప్పుటకు మనయొద్ద కొంత నిలువయుండవలెను.